చెంపకు పట్టిన కంటి మందు

మా చిన్నబాపు కుడికంటి రెప్పవెంట్రుకలు ఆ ఏడు వానాకాలంలో పెరగడం మొదలుపెట్టాయి. ఎడమకంటివి ఎప్పటిలాగే పలచగా, తెల్లబడి ఉన్నాయి. కుడికంటివి మాత్రం నల్లబడి, ఒత్తుగా మొలిచి, కొసలు పైకి తిరిగాయి. డెబ్బై దాటిన మనిషి. తెల్లటి పంచె, భుజం మీద తువ్వాల, ఎవరి ముందూ వంగని నడుము. అంత గంభీరమైన ముఖంలో ఒక్క కన్ను మాత్రం పెళ్ళికి తయారైనట్టు ఉండేది.

ఆయన భార్య, మా చిన్నమ్మకు అది రోజూ పండుగే.

"ఏమయ్యో, ఒక్క కన్నుకే ఏషం కట్టిండ్రా? రెండోదానికి రంగు సాలలేదా?"

"నీ కండ్లు మంచిగున్నయ్ గద. సూసి సంబురపడు" అనేవాడు ఆయన, పేపరు దించకుండానే.

ఆ రెప్పలను చూసి ఎక్కువ సంబరపడింది నేను. హనుమకొండలో ఒక ఫార్మసీ కాలేజీలో మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పడం నా వృత్తి. చిన్నబాపు కంట్లో రోజూ ఒక చుక్క వేసుకునే మందు ఎవరి తలుపు తడుతుందో, తట్టినప్పుడు లోపల ఏం కదులుతుందో నాకు తెలుసు. రెప్పలు పెరుగుతున్నాయంటే మందు చేరవలసిన చోటికి చేరుతున్నదని నా లెక్క. ఆ సంగతి చిన్నమ్మకు చెప్పాను, పక్కింటివాళ్ళకు చెప్పాను, క్లాసులో కూడా చెప్పాను.

మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మా తాత, ఆయన తరువాత మా బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు వరంగల్‌లో పత్తి జిన్నింగ్ మిల్లు నడిపారు. రైలుపట్టాల పక్కన మా గోదాములు ఉండేవి. నెక్కొండ పత్తి రైలు మీద, పరకాల పత్తి ఎడ్లబండ్ల మీద మా గేటు ముందుకు వచ్చేది. వరుసగా చెడిన సీజన్లు, నమ్మదగని ఒక భాగస్వామి కలిసి ఆ మిల్లును మా చేతుల్లోంచి తీసేశాయి. పెద్ద ఇల్లు కూడా పోయింది. ఇప్పుడు సుబేదారిలో మూడు గదుల ఇంట్లో మిగిలిన ముగ్గురం ఉంటున్నాం. నాకు పెళ్ళి లేదు. చిన్నబాపుకు, చిన్నమ్మకు పిల్లలు లేరు. ఆ ఇంటి పేరుకు మిగిలిన వారసుణ్ణి నేనే. అందుకు నేనెప్పుడూ తల దించుకోలేదు. దించుకోవలసిన పని మా వాళ్ళు ఏదీ చేయలేదు.

మిల్లు పోయినా చిన్నబాపు చూపు విలువ పోలేదు. మా దగ్గర పనిచేసిన గుమస్తా కొడుకు ఇప్పుడు పరకాల రోడ్డులో సొంత మిల్లు పెట్టుకున్నాడు. దసరా దాటి పత్తి దిగడం మొదలు కాగానే అతను కారు పంపుతాడు. చిన్నబాపు వెళ్ళి, గుప్పెడు పత్తి అందుకుని, వెలుతురుకు పట్టి, రంగు చూసి, పోగు లాగి, ఏ కుప్ప ఎందులో కలపాలో చెబుతాడు. జీతం తీసుకోడు. ఇస్తామన్నా తీసుకోడు. "సలహాకు పోతాన, కొలువుకు కాదు" అంటాడు. ఏడాదిలో ఆ నాలుగు నెలలూ ఆయన నడక వేరుగా ఉంటుంది. మిగతా నెలలు ఆ నాలుగింటి కోసం ఎదురుచూస్తాడు.

ఎడమకన్ను ముందే పోయింది. నీటికాసులు. కంట్లో ఎప్పుడూ కొద్ది కొద్దిగా నీరు ఊరుతుంటుంది, ఊరినంత బయటికి పోతుంటుంది. పోయే దారి మందగిస్తే లోపల ఒత్తిడి పెరిగి, వెనకనున్న నరం నెమ్మదిగా చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. ఎర్రబడదు. పక్కనుంచి వచ్చే మనిషి కనిపించడం మానేస్తాడు, అంతే. చిన్నబాపు ఆ సంగతి గ్రహించేసరికి ఎడమకంట్లో వెలుగుకూ చీకటికీ తేడా మాత్రమే మిగిలింది. కుడికంట్లో కూడా ఒత్తిడి ఎక్కువగానే ఉందని దవాఖానలో చెప్పి, ఈ చుక్కల మందు రాశారు. రోజుకొక్క చుక్క. సాయంత్రం పూట, రోజూ ఒకే వేళకు.

ఆ మందు ప్రోస్టాగ్లాండిన్ కుటుంబానికి చెందినది. ప్రోస్టాగ్లాండిన్లు మన ఒంట్లోనే, ఎక్కడి అవసరానికి అక్కడ తయారయ్యే పదార్థాలు. రక్తంలో పడి ఊరంతా తిరిగేవి కావు, పుట్టిన గల్లీలోనే పని ముగించుకునేవి. వాటిలో ఒక రకానికి బదులుపలికే రిసెప్టర్‌ను ఎఫ్‌పి అంటారు.

రిసెప్టర్ అంటే ఏమిటో క్లాసులో చెప్పేటప్పుడు నేను మార్కెట్ నుంచి మొదలుపెడతాను. మా తాత కాలంలో పెద్ద బేరాల్లో ధర నోటితో చెప్పేవారు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపేవారు. పైన తువ్వాల కప్పేవారు. లోపల వేళ్ళు నొక్కితే అదే ధర. చుట్టూ నిలబడ్డవాళ్ళకు తువ్వాల తప్ప ఏమీ కనిపించదు. కణం పైపొర కూడా అలాంటిదే. బయటి నుంచి వచ్చిన ప్రోస్టాగ్లాండిన్ లోపలికి అడుగుపెట్టదు. పొరలో నిలబడిన రిసెప్టర్ చేతిని పట్టుకుని నొక్కుతుంది. ఆ నొక్కుడు తెలిసి లోపల పని మొదలవుతుంది. ఏ పని అన్నది నొక్కిన చేతిని బట్టి కాదు, లోపలివాడి వ్యాపారాన్ని బట్టి ఉంటుంది. కాన్పు వేళ గర్భసంచి కండరంలో ఎఫ్‌పిని నొక్కితే నొప్పులు ఊపందుకుంటాయి. బర్రె అండాశయంలో నొక్కితే పాత చక్రం ముగిసి మళ్ళీ ఎదకు వస్తుంది. కంట్లో, కనుపాప వెనకనున్న సన్నని కండరంలో నొక్కితే, ఆ కండరపు పోగుల మధ్య అల్లిక వదులై నీరు జారిపోవడానికి సందు దొరుకుతుంది. రెప్పవెంట్రుక కుదురులో నొక్కితే, ఆగిపోయిన వెంట్రుక మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది.

పిల్లలకు ఈ పాఠం బాగా నచ్చేది. చివర మా చిన్నబాపు రెప్పల సంగతి చెబితే ఆడపిల్లలు ఆ మందు పేరు గబగబా రాసుకునేవారు. "రెప్పల కోసం ఎవలన్న కొన్నరంటే తోలు తీస్త" అని నవ్వుతూనే బెదిరించేవాణ్ణి.

మందు వేసుకునే వేళను చిన్నబాపే నిర్ణయించుకున్నాడు. దీపాలు పెట్టే వేళ. గడియారం చూడనక్కరలేదు, మరిచిపోవడం ఉండదు. చిన్నమ్మ దేవుడి దగ్గర దీపం వెలిగించి, గడప దగ్గర ఒకటి పెట్టగానే ఆయన కుర్చీలో కూర్చుని మందు అందుకునేవాడు. తానే వేసుకునేవాడు. ఆ గంటలో నేను ఇంట్లో ఉండేవాణ్ణి కాదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు సాయంత్రం క్లాసు చెప్పేవాణ్ణి. కాబట్టి ఆయన మందు ఎలా వేసుకుంటాడో నేను చూడలేదు. చూడాలని తోచలేదు కూడా. ఒక చుక్క వేసుకోవడంలో చూడవలసింది ఏముంటుంది?

దసరాకు ముందు దవాఖానకు వెళ్ళాం. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కొత్తగా వచ్చింది. ఒత్తిడి కొలిచి, కాగితం చూసి, మళ్ళీ కొలిచింది.

"అంకుల్, డ్రాప్స్ రోజూ వేసుకుంటున్నారా?"

"నేను నీకు అంకుల్ ఎట్లయిత బిడ్డా? మీ బాపుకు తమ్మున్నా?"

ఆ అమ్మాయి నవ్వింది. "మరి ఏమని పిలవాలె?"

"ఏ ఊరు మీది?"

"నెక్కొండ."

"నెక్కొండ అయితే తాతా అను. మీ ఊరి పత్తి మా మిల్లుకు రైల్ల వచ్చేది."

"సరే తాతా. మందు రోజూ ఏస్తున్నరా, నడుమ నడుమ మర్శిపోతున్నరా?"

చిన్నబాపు వీపు కుర్చీకి ఆనలేదు. ఇంకా నిటారుగా అయ్యాడు. "ఏసుకోకుంట ఏసుకున్ననని చెప్తానా? మా ఇంట్ల అట్ల మాట్లాడుడు లేదు."

నేను కల్పించుకున్నాను. "డాక్టరమ్మా, మీరు ఆయన రెప్పలు చూడండి. మందు వేయని కంటికి, వేసిన కంటికి తేడా కనిపిస్తూనే ఉంది. ఒక్కరోజు కూడా తప్పలేదు."

"చూసిన సార్. అదే నా బాధ" అంది ఆ అమ్మాయి. "మందు రోజూ పడ్తున్నదని రెప్పలు చెప్తున్నయి. పడి కూడా ఒత్తిడి దిగలేదు. కొందరికి ఈ మందు పనిచెయ్యదు. ఇంకో రకం చుక్కలు ఇద్దామంటే తాతకు ఆయాసం ఉన్నది, అవి పడవు."

ఆ ఆయాసం మిల్లులో పత్తి దుమ్ము మింగిన ఏళ్ళది.

"మరి?"

"ఆపరేషన్ చేసి నీళ్ళకు దారి చెయ్యాలె. ఉన్నది ఒక్క కన్ను. ఎక్కువ రోజులు ఆగలేం. దీపావళి దాటినంక రండి. అప్పుడు గూడ ఇట్లనే ఉంటే తేదీ పెట్టుకుందాం."

ఆటోలో ఇంటికి బయలుదేరాం. ఆపరేషన్ అయిన కన్ను మునుపటిలా చూస్తుందని ఎవరూ హామీ ఇవ్వరని ఆయనకు తెలుసు. తెల్లటి పత్తిలో లేత పసుపు చాయను పట్టుకోవడానికి మామూలు చూపు చాలదు. అదాలత్ చౌరస్తా దాటిన తరువాత ఒక్కమాట అన్నాడు.

"సీజన్ల ఆ పిలగాని కారు వస్తది. ఏం చెప్తవ్ వానికి?"

"వస్తున్నరని చెప్త."

"గుడ్డోని సలహాకు కారెవడు పంపుతడ్రా?"

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. నేను ఏళ్ళ తరబడి చెబుతున్న పాఠం మా ఇంట్లోనే తప్పిపోయినందుకు. కొందరికి ఈ మందు పనిచేయదన్నది నిజమే. అది పుస్తకాల్లో ఉంది, నేనూ చెబుతాను. కానీ రెప్పల దగ్గర అంత పని చేసిన చుక్క, రెప్పకు వెంట్రుకవాసి దూరంలో ఉన్న కంట్లో ఎందుకు ఊరుకుంది? ఒకే మనిషి, ఒకే రిసెప్టర్. కుదురులో ఉన్నవాడు నొక్కుడుకు బదులుపలికినప్పుడు కండరంలో ఉన్నవాడు ఎందుకు పలకడు? నా మనసు ఒప్పుకోలేదు.

మరునాడు పొద్దున చిన్నబాపు వసారాలో పేపరు చదువుతున్నాడు. ఎండ ఏటవాలుగా కుడిచెంప మీద పడింది. నేను చాయ్ గ్లాసు అందించబోయి ఆగిపోయాను. కంటి కింద మొదలై, చెంప మీదుగా దవడ దాకా ఒక సన్నని చార. అక్కడ చర్మం కొంచెం నల్లబడింది. ఆ చార పొడుగునా మెత్తని నూగు వెంట్రుకలు, గడ్డం మొలిచే చోటు కాని చోట, ఎండకు మెరుస్తున్నాయి. వాన వెలిసిన తరువాత ఇసుకలో నీరు పారిన జాడ ఎలా ఉంటుందో అలా ఉంది. ఎడమచెంప వైపు వెళ్ళి చూశాను. నున్నగా ఉంది.

"ఏంది, నన్ను పత్తి కుప్ప సూసినట్టు సూస్తానవ్?" అన్నాడు.

"ఏం లేదు చిన్నబాపూ. చాయ్ తాగుండ్రి."

ఆ సాయంత్రం క్లాసు మానేశాను. చిన్నమ్మ దీపం వెలిగించింది. వీధి తలుపు బార్లా తెరిచింది. చిన్నబాపు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మూత తీశాడు. తల ఒక్క వేలెడంత వెనక్కి వంచి, సీసాను కనుబొమ్మ దగ్గర పట్టి నొక్కాడు. చుక్క రెప్ప అంచున పడింది. ఆయన కన్ను గట్టిగా మూసుకున్నాడు. చుక్క వెంట్రుకల మధ్య నిలిచి, మెల్లగా కిందికి జారి, చెంప మీదుగా దవడకు చేరింది. ఆయన ఆ తరువాత తీరిగ్గా తువ్వాలతో తుడుచుకున్నాడు. మూత బిగించి సీసాను చిన్నమ్మ చేతికి ఇచ్చాడు. అంతా ఎంతో నిష్ఠగా జరిగింది. మందు మాత్రం కంట్లోకి వెళ్ళలేదు.

"చిన్నబాపూ, జర పండుకోని ఏసుకోవాలె" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. చిన్నమ్మ చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది.

"ఏ యాళ్లనో ఎరుకేనా నీకు?"

ఎరుకే. మాది దుకాణం మీద, మిల్లు మీద బతికిన వంశం. దీపాల వేళ మా ఇంట్లో ఎవరూ నడుము వాల్చరు. జ్వరం ఉన్నా లేచి కూర్చోవాలి. పసిపిల్లను కూడా ఎత్తుకోవాలి. ఆ వేళకు లక్ష్మి వీధి వెంట వస్తుందని, పడుకున్న మనిషి ఉన్న గడప దాటి వెళ్ళిపోతుందని మా నానమ్మ చెప్పేది. లక్ష్మి మా ఇంటి వైపు చూసి చాలా ఏళ్ళయింది. అయినా ఆమె వచ్చే వేళకు మేం కూర్చునే ఉంటాం. నేను కూడా. పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి దాన్ని వదిలిపెట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఉన్నప్పుడు పాటించిన మర్యాదను లేనప్పుడు వదిలేస్తే, అది మర్యాద ఎందుకవుతుంది?

"పండుకోకున్నా సరే, తల ఇంక ఎనకకు వంచుండ్రి."

"మెడ వంగది."

నిజమే. మెడ ఎముకలు అరిగిపోయాయని అంతకుముందే తేలింది.

"మందు కంట్ల పడ్తలేదు చిన్నబాపూ. చెంప మీదికి పోతాంది."

"రోజూ ఏసుకుంటాన. నా చేతితోని ఏసుకుంటాన. నువ్వు గూడ ఆ డాక్టరు పిల్ల లెక్కనే మాట్లాడుతానవా?"

చిన్నమ్మ మెల్లగా అంది. "పిలగాడు మీరు ఏసుకుంటలేరంటలేడు. యాడ పడ్తాందో చెప్తాండు."

"నువ్వు దీపం సూసుకో."

ఆ రోజుకు అంతటితో ఆపాను. వాదించి గెలిచే మనిషి కాదు ఆయన. సరుకు ముందు పెడితే మాత్రం కాదనడు. మిల్లులో కూడా అంతే. ఎవరెన్ని చెప్పినా వినేవాడు కాదు, గుప్పెడు పత్తి చేతిలో పెడితే మాట మార్చుకునేవాడు. ఆ మార్చుకోవడాన్ని ఓటమి అనుకోలేదు. దాన్ని వ్యాపారం అనేవాడు.

పొద్దున ఎండ వసారాలోకి వచ్చేదాకా ఆగి, గోడకున్న అద్దం తీసుకొచ్చి ఆయన చేతికి ఇచ్చాను.

"మల్ల ఏం తెచ్చినవ్?"

"సరుకు. మీరే సూసి చెప్పుండ్రి. కుడిచెంప ఒకటి, ఎడమచెంప ఒకటి. రెండూ ఒక్క సరుకేనా?"

చిన్నబాపు అద్దాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. ముఖాన్ని ఎండకు తిప్పాడు. చూపుడువేలితో కుడిచెంప చార వెంట నెమ్మదిగా రాశాడు, నూగు ఎదురు తిరిగేటట్టు. తరువాత ఎడమచెంప మీద అదే వేలితో అలాగే రాశాడు. పోగు పొడవు చూసేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"కాదు" అన్నాడు. "ఇది ఏరే."

"ఆ మందుకు రెండు రకాల చుట్టాలున్నరు. కంటి లోపల కండరం ఒకటి, ఎంట్రుక కుదురు ఒకటి. ఎవల దగ్గరికి పోతే వాళ్ళ పని చేసిపెడ్తది. కంట్లకు పోతే నీళ్ళకు దారి ఇస్తది. చెంప మీదికి పోతే ఎంట్రుక మొలిపిస్తది. చెంప కెల్లి కంట్లకు నడిశి పోలేదు."

"అంటే, మందు మంచిదే?"

"మందు మంచిదే."

"నా కన్ను గూడ మంచిదే?"

"అది దానికి మందు దొరికినంక తెలుస్తది."

ఆయన అద్దాన్ని ఒళ్ళో బోర్లించుకున్నాడు. చిన్నమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

"దీపాల యాళ్ల పండుకునేది లేదు" అన్నాడు చివరికి. "అది నువ్వు అడగకు."

"అడగను. పగలు అన్నం తిన్నంక మీరు రోజూ పండుకుంటరు గద. అప్పుడు ఏద్దాం."

"డాక్టరు పొద్దుమీకి అన్నది."

అక్కడే నెక్కొండ అమ్మాయికి ఫోన్ చేశాను. చెంప మీద చార సంగతి చెప్పాను. "అయ్యో, నేను రెప్పలు చూసిన గాని చెంప చూడలే సార్" అంది. "నేనూ చూడలేదమ్మా, రోజూ ఎదురుగానే కూర్చుంటాను" అన్నాను. మధ్యాహ్నమైనా పరవాలేదని, రోజూ అదే వేళ అయితే చాలని, చుక్క పడ్డాక ముక్కు పక్కన వేలితో కాసేపు ఒత్తిపట్టమని చెప్పింది. రెండో చుక్క మాత్రం వేయొద్దంది. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేసే మందు కాదది, తక్కువ పనిచేస్తుంది. అది నాకూ తెలుసు. మాట మాటా స్పీకర్లో చిన్నబాపుకు వినిపించాను.

మధ్యాహ్నం భోజనమైంది. ఆయన నవారు మంచం మీద పడుకున్నాడు. నేను సీసా పట్టుకుని వెళ్ళాను.

"నువ్వొద్దు" అన్నాడు. "మీ చిన్నమ్మను రమ్మను."

చిన్నమ్మ గాబరాపడింది. "నేనా? నా చేతులు వణుకుతయ్."

మా ఇంట్లో భార్యాభర్తలు నలుగురి ముందు ఒకరినొకరు ముట్టుకోవడం నేను చూడలేదు. ఆయనకు గ్లాసు అందించేటప్పుడు కూడా చిన్నమ్మ దాన్ని బల్ల మీద పెట్టేది, ఆయన తీసుకునేవాడు. ఆమె ఆయన నుదుటి మీద చేయి పెట్టి రెప్ప ఎత్తడమంటే చిన్న విషయం కాదు. నాకు అర్థమైంది. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. వసారాలో కూర్చుంటే మాటలు మాత్రం వినిపించాయి.

"కన్ను తెరువుండ్రి."

"తెరిశే ఉన్నది."

"ఇంక పెద్దగ. నా దిక్కు సూడకుండ్రి, పైకి సూడుండ్రి."

"పైన ఏమున్నది?"

"ఫ్యానున్నది. దాన్ని సూడుండ్రి. అయ్యో!"

"ముక్కు మీద ఏసినవ్."

"మీరు కదిలిండ్రు."

"నేను కదల్లే. నీ చెయ్యి కదిలింది. ఇగ ఇయ్యాళ ముక్కుకు మీసాలొస్తయ్."

చిన్నమ్మ నవ్వు వినిపించింది. ఆయన ముందు ఆమె అలా గట్టిగా నవ్వడం నాకు కొత్త. ముక్కు మీద పడింది కంట్లో పడనట్టే కాబట్టి, తుడిచి ఇంకొకటి వేయవచ్చని తలుపు ఇవతల నుంచే చెప్పాను. మంచం కిర్రుమంది. తరువాత చిన్నబాపు గొంతు.

"ఓహో!"

"ఏమైంది? మండుతాందా?"

"సల్లగున్నది."

"మందు సల్లగనే ఉంటది గద."

"ఇన్ని దినాలు నాకు తగల్లే."

అంతకంటే రుజువు నాకు అక్కరలేదు, ఆయనకూ అక్కరలేదు. వానాకాలమంతా ఆ మనిషి ఒక్కరోజు తప్పకుండా, ఎంతో క్రమశిక్షణతో, తన చెంపకు మందు వేసుకున్నాడు. ఇప్పుడు మొదటిసారి అది కంటికి తగిలింది. చిన్నమ్మ ఆయన ముక్కు పక్కన వేలు పెట్టి ఒత్తిపట్టినట్టుంది. "ఊపిరాడనిస్తవా లేదా?" అన్నాడు. "డాక్టరమ్మ చెప్పింది, పలుకకుండ్రి" అంది ఆమె. ఆ ఇంట్లో ఆయనను పలకవద్దన్నవారిని నేను ఆ రోజే విన్నాను.

దీపావళి వరకు ఒక్క మధ్యాహ్నం కూడా తప్పలేదు. నేను కాలేజీలో ఉన్నా, ఆ వేళకు ఫోన్ చేసి అడగలేదు. అడగడం వాళ్ళను అవమానించడమే అవుతుంది. కానీ నాకు భయం లేకపోలేదు. మందు కంట్లో పడి కూడా పనిచేయకపోవచ్చు. అప్పుడు నా దగ్గర ఇంకో వాదన ఉండదు. క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడు తువ్వాల కింద వేళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగాను. చేయి అందకపోతే బేరమే లేదు. రిసెప్టర్ ఎంత మంచిదైనా, మందు ఎంత మంచిదైనా, మధ్యలో ఆ చుక్కను తీసుకువెళ్ళే మనిషి చేయి, ఆ ఇంటి అలవాటు, ఆ పూట సమయం ఉంటాయి. ఈ ముక్కను అప్పటి నుంచి పాఠంలో కలిపాను. పరీక్షలో అడగను. కానీ చెబుతాను.

దీపావళి దాటిన తరువాత వెళ్ళాం. డాక్టరమ్మ ముందుగా చెంప చూసింది. తరువాత యంత్రం దగ్గర గడ్డం ఆనించమంది. కొలిచింది. కాగితం చూడకుండానే మళ్ళీ కొలిచింది. నేను నిలబడే ఉన్నాను. చిన్నమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది.

"తాతా" అంది ఆ అమ్మాయి. "దిగింది."

"ఎంత దిగింది?"

"ఆపరేషన్ ఇప్పుడు అవసరం లేనంత. ఇట్లనే నడిస్తే ఈ కన్ను ఇట్లనే ఉంటది. పోయింది మాత్రం తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం."

"ఉన్నదే సాలు నాకు" అన్నాడు చిన్నబాపు. లేచి నిలబడ్డాడు. చిన్నమ్మవైపు తిరిగి, అందరూ వింటుండగా, "ఈమె చెయ్యి మంచిది" అన్నాడు. చిన్నమ్మ తల పక్కకు తిప్పుకుంది. డాక్టరు అమ్మాయి ఏదో రాసుకుంటున్నట్టు తల వంచింది.

ఆ వారంలోనే పరకాల రోడ్డు మిల్లు నుంచి కారు వచ్చింది. డ్రైవరు కొత్తవాడు. వసారా మెట్ల దగ్గర నిలబడి, సేటు రమ్మన్నాడని, పత్తి బాగా దిగిందని, పొద్దుమీకే దాకా పని ఉంటుందని చెప్పాడు. చిన్నబాపు అప్పటికే ఇస్త్రీ పంచె కట్టుకుని ఉన్నాడు. చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

"పొద్దుమీకే దాకా కాదు. పగటి బువ్వ యాళ్లకు నన్ను ఇంట్ల దింపాలె. నాకు పండుకునేది ఉన్నది."

ఎవరి మిల్లులోనూ, ఎవరి ముందూ నడుము వాల్చని మనిషి నోట ఆ మాట విని చిన్నమ్మా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం.

"దానికేంది పెద్దయ్యా" అన్నాడు డ్రైవరు. "ఆఫీసు రూముల ఏసీ ఉన్నది. మంచం ఏపిస్తం. ఆడనే పండుకోండ్రి."

"మంచం మా ఇంట్ల ఉన్నది" అని చిన్నబాపు కారు ఎక్కాడు.